ముట్టుకోవద్దన్న చెట్టు

"ల్యాబు నుంచి ఓ పిల్ల ఫోన్ చేసింది. రేపు పొద్దున వస్తుందట. గడ్డల చెట్టును ఎవరినీ ముట్టుకోనివ్వొద్దంది."

పెళ్ళాం అస్సుంతా ఆ మాట అనగానే ఒరోంజో చేతిలోని రొట్టె ముక్క జారి సూపులో పడింది.

"అయిపోయింది మన పని! గడ్డ కోసి వాళ్ళకు పంపమని నీకెవరు చెప్పారే?"

"అదేం రోగమో తెలుసుకుందామని పంపాను. తప్పా?"

"పక్కనున్న విటో తోటకీ సర్కారు వాళ్ళు ఇలాగే వచ్చారు. ఒక్క చెట్టుకు ఎర్ర గుర్తేసి, చుట్టూ ఉన్నవన్నీ కూల్చి పారేశారు!"

గోడకవతల విటో తోటలో ఎండు తెగులు సోకిందని అన్నీ నరికేస్తే, మోడులే మిగిలాయి. ఇవతల ఒరోంజోవి ఎనభై ఆలివ్ చెట్లు, ఈ గడ్డల చెట్టు కాక. దాని కొమ్మకొమ్మకీ గడ్డలే, అయినా ఆకు మాత్రం నిగనిగలాడుతుంది. మిగతా చెట్ల చివుళ్ళే ఈ వేసవిలో మాడడం మొదలుపెట్టాయి. ఆ సంగతి ఒరోంజో పెళ్ళానికి కూడా చెప్పలేదు. భయం.

"అంతా దీనివల్లే. చెట్టే లేకపోతే గుర్తు దేనికేస్తారు?" అంటూ రంపం తీశాడు.

"మడోన్నా, మరియమ్మ తల్లీ! మన పెళ్ళి భోజనాలు దాని కిందే కదయ్యా పెట్టారు!"

"ఒకటి పోతే పోయింది. ఎనభై దక్కుతాయి."

చెట్టును మొదలంటా కోశాడు. పొద్దువాలేలోగా గడ్డలన్నీ ఏరి, డీజిల్ పోసి తగలబెట్టాడు. ఒక్కటీ మిగల్చలేదు.

మర్నాడు ల్యాబు పిల్ల డోరియానా ఐసు పెట్టెతో దిగింది.

"చెట్టేదండీ?"

"ఏ చెట్టు? మా తోటలో గడ్డల చెట్టే లేదు." అన్నాడు ఒరోంజో.

డోరియానా అతని కాళ్ళ దగ్గరి బూడిదను చూసింది.

"ఒక్క గడ్డయినా లేదా?"

"లేదు తల్లీ, తోటంతా శుభ్రం. ఇక నరకరుగా?"

"నరకడానికి ఎవరొచ్చారు పెద్దాయనా?" ఆ పిల్ల ఐసు పెట్టె కింద పెట్టేసింది. "ఒక్కో గడ్డలో సూక్ష్మజీవుల ఊరికి ఊరే కాపురముంటుంది. మీ గడ్డలో మేమెక్కడా చూడని రకం ఒకటి దొరికింది. ల్యాబులో రెండు రోజులే బతికింది. తాజా గడ్డల కోసం పరుగెత్తుకొచ్చాను."

"ఏం చేస్తుందమ్మా అది?" అంది అస్సుంతా.

డోరియానా తలెత్తి, ఎనభై చెట్ల మాడిన చివుళ్ళకేసి చూసింది.

"ఎండు తెగులును చంపుతుందమ్మా."