బెల్టు మరక

"అదే నడిపింది నాన్నా. నాను పక్కసీట్లో కూకున్నాను" అన్నాడు దేవీప్రసాద్.

కారు ముందు చక్రం ఒకటి సబ్బవరం రోడ్డు పక్క కాలవలోకి దిగిపోయి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అతని భార్య హేమశ్రీ కిలోమీటరు రాయి దగ్గర నిలబడి ముదురు నీలం చీర కొంగును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

నీలకంఠం కొడుకు మాట విని కోడలి వంక చూశాడు. జీడితోటలో ఉండగా ఫోను వస్తే మోపెడ్ మీద అలాగే వచ్చేశాడు. ఒంటి మీద తోటపనికి పడేసిన పాత తెల్లచొక్కా. దాన్నిండా జీడి మరకలు, వాటి మధ్య ఉతికినా వదలని ఏటవాలు చార ఒకటి.

కారు కొనిచ్చింది ఆయనే. తాళం చేతికిచ్చిన రోజున కొడుక్కీ కోడలికీ కలిపి ఒక మాట చెప్పాడు. గుద్దినవాళ్ళు మళ్ళీ ఈ తాళం ముట్టుకోకూడదని. ఆయన చెప్పడం తక్కువ. చెప్పింది మార్చడం ఇంకా తక్కువ.

ఇన్నాళ్ళూ కారు దేవీప్రసాద్ చేతిలోనే ఉంది. పోర్టులో డ్యూటీకి దాని మీదే వెళ్ళొస్తాడు. పోయిన నెల హేమశ్రీకి లైసెన్సు వచ్చింది, ఆనందపురం బడిలో టీచరు ఉద్యోగమూ వచ్చింది. తెల్లారితే సోమవారం, చేరాలి. రెండు బస్సులు మారి వెళితే మొదటి పీరియడు అయిపోతుంది. అందుకని రేపటి నుంచి కారు ఆమెకనీ, అతను షిఫ్టు బస్సెక్కాలనీ ఇంట్లో అనుకున్నారు. తాళం పోతే ఆ ఉద్యోగమూ లేనట్టే.

"మావయ్యా, నాను..." అంది హేమశ్రీ.

"పోన్లే, బయపడకు. మనుసులకి ఏటీ కాలేదు కదా" అన్నాడు దేవీప్రసాద్, ఓదారుస్తున్నట్టు. ఆ తర్వాత తండ్రికి అంతా తనే చెప్పాడు. సీతమ్మధారలో పెళ్ళిభోజనం చేసి వస్తున్నారట. సరదాపడి తను నడుపుతానందట. గేదె అడ్డొస్తే బ్రేకు బదులు స్టీరింగు తిప్పేసిందట. రేపు ఊరవతలిదాకా ఒక్కతే ఎలా వెళుతుందోనని తనకు ముందునుంచీ బెంగేనట.

అప్పటికే రోడ్డు మీద నలుగురు పోగయ్యారు. మామగారి ఎదుట, అంతమంది మధ్య మొగుణ్ణి అబద్ధాలకోరని అనడం హేమశ్రీకి చేతకాలేదు.

ఈలోగా రోడ్డు సాయం బండి వేసుకుని యోహాన్ వచ్చాడు. దిగుతూనే వెనక్కి యాభై అడుగులు నడిచి ఎర్ర ముక్కోణం బోర్డు నిలబెట్టాడు. కాలవలోకి వంగి ఆయిలు కారుతోందేమో చూశాడు. ఇనుపతాడు తగిలించి, తెగితే కొరడాలా కొడుతుందని అందర్నీ దూరం జరగమన్నాడు. కాసేపట్లో కారు రోడ్డెక్కింది. బంపరు చీలింది గాని చక్రం బాగానే తిరుగుతోంది. నిదానంగా ఇంటిదాకా వెళ్ళొచ్చని, రేపు ఒకసారి షెడ్డులో చూపించమని చెప్పి, కాగితం తీశాడు.

"బండి ఎవులు నడిపినారు సార్?"

"మా ఇంటావిడ. రాసుకో."

"బెల్టులు ఎట్టుకున్నారా?"

ఆ ప్రశ్న దేవీప్రసాద్‌కి నచ్చింది. ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు. పెళ్ళికని వేసుకున్న కొత్త తెల్లచొక్కా మీద, కుడి భుజం నుంచి ఎడమ నడుము దాకా, నల్లటి పట్టీ ఒకటి ఒత్తుకుపోయి ఉంది.

"ఇదిగో, సాచ్చికం ఇక్కడే ఉంది. బెల్టు ఎట్టుకున్నాను కాబట్టే ముక్కు పగల్లేదు."

యోహాన్ నవ్వాడు. "దినామూ ఎట్టుకునే బెల్టు మరక సెయ్యదు సార్. పోర్టులో బొగ్గుదుమ్ము పట్టి ఏలాడతన్న బెల్టిది. జంక్సన్‌లో పోలీసులు కనబడితే లాగి ఎట్టుకునుంటారు."

దేవీప్రసాద్ కాదనలేదు. ఎందుకు లాగినా పనికొచ్చింది కదా అన్నాడు.

నడిపినవాళ్ళే సంతకం పెట్టాలని యోహాన్ కాగితమూ కలమూ హేమశ్రీకి అందించి, తాళం నీలకంఠం చేతిలో పెట్టాడు. హేమశ్రీ కారు బానెట్టు మీద కాగితం పరుచుకుంది. కలం ఆనించింది గాని కదపలేదు.

"బడికి ఫోన్ సేసి రానని సెప్పెస్తాను మావయ్యా" అంది, తలెత్తకుండా.

నీలకంఠం కొడుకు చొక్కా చూస్తున్నాడు. చిగురుకి పురుగు పట్టిందేమోనని చూసినట్టు, తొందర లేకుండా చూశాడు. అప్పుడు కోడలి దగ్గరికి వచ్చి, ఆమె వేళ్ళ మధ్యనుంచి కలం తీసుకుని, అక్కడ తాళం పెట్టాడు.

"ఇంటికి నువ్వు నడుపమ్మా. నాను ఎనకాల వొస్తాను."

కలం కొడుకు వైపు చాపాడు. దేవీప్రసాద్ దాన్ని అందుకోలేదు.

"అదేటి నాన్నా. గుద్దినోళ్ళు తాళం ముట్టుకోకూడదని నువ్వే కదా సెప్పినావు."

"ఇప్పుడూ అదే సెప్తన్నాను."

నీలకంఠం వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు. తన పాతచొక్కా మీద, ఎడమ భుజం నుంచి దిగిన చార మీద వేలు పెట్టాడు.

"మొన్న నీ పక్కసీట్లో కూకుంటే నాకు ఎడం బుజం మీంచి దిగిందిరా మరక. అదే సీట్లో కూకున్న నీకు కుడి బుజం మీంచి ఎలాగ దిగింది?"