ఇంకో బస్సుంది

"ఇన్ని టైములేటమ్మా?"

హాసిని ఉలిక్కిపడి ఫోన్‌ను గుండెలకి ఆనించుకుంది.

అనకాపల్లి బస్ కాంప్లెక్స్‌లో ఆమె కూర్చున్న బెంచీ చివర ఎప్పుడు చేరాడో, ఒక ముసలాయన. మాసిన చొక్కా. ఒళ్ళో గొడుగు. గోళ్ళ సందుల్లో ఏదో పసుపుపచ్చ మురికి.

హాసిని ముక్కు చిట్లించి కొంచెం ఇవతలికి జరిగింది.

పెళ్ళయిన నెలకి మొదటి విహారం. నాలుగు రోజులు. మాడుగుల, పాడేరు, అరకు, అక్కణ్ణుంచి రైల్లో విశాఖ. కారు లేకుండా, బస్సుల్లో, తీరిగ్గా. పది నిమిషాలకో గడి గీసి మరీ ఫోన్‌లో రాసుకుంది ఆ తీరికని.

"రెండో రోజుకే కారు పంపించమని ఫోన్ చేస్తావు వదినా," అని బయల్దేరేముందే పందెం కాసింది ఆడపడుచు దివ్య. "చేశావో, ఇక మీరెక్కడికెళ్ళినా మా కార్లోనే. మేమూ వస్తాం."

దివ్య, ఆమె మొగుడు, వెనక సీట్లో వాళ్ళ కవల పిల్లలు. ప్రతి విహారానికీ. తలుచుకుంటేనే హాసినికి ఒళ్ళు జలదరించింది.

"మాడుగులలో ఇరవై నిమిసాలేనా? హల్వా సల్లారకుండానే బస్సెక్కేత్తారా?" ముసలాయన మళ్ళీ తొంగి చూశాడు.

"మా ప్లాన్ మాకుంది."

"ఘాటీలో డ్రైవరు పక్క సీట్లో కూకోండమ్మా. లోయ అవుపడతాది."

హాసిని మొగుడి వైపు వంగింది.

"చూశావా బావా? ఎక్కడికీ వెళ్ళనివాళ్ళే వెళ్ళేవాళ్ళకి పాఠాలు చెప్తారు."

"పోనిద్దూ, పెద్దాయన," అన్నాడు దేవీప్రసాద్.

ముసలాయన జేబులోంచి కాగితం ముక్క తీశాడు. పెన్సిల్‌తో, బొమ్మ గీస్తున్నంత నిదానంగా ఏదో రాసి అందించాడు.

"ఉంచమ్మా. పనికొత్తాది."

హాసిని దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చూడనైనా చూడకుండా సంచిలో కుక్కింది. తిన్నగా కంట్రోలర్ కిటికీ దగ్గరికి నడిచింది.

"ఆ ముసలాయన ఆడవాళ్ళ పక్కన చేరి ఫోన్లలోకి తొంగి చూస్తున్నాడండీ. ఎవరూ అడగరా?"

గట్టిగానే అంది. బెంచీ దాకా వినిపించింది.

ముసలాయన లేచాడు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

మాడుగులలో హల్వా వేడిగా ఉంది. ఊదుకుంటూ, ఒకరి చేతిలోది ఒకరు లాక్కుంటూ తిన్నారు. ఇంటికోసం కట్టించిన పొట్లం నెయ్యి కారుతుంటే సంచిలో వెతికి, ముసలాయన చీటీని చదవకుండానే దాని అడుగున పెట్టింది.

"ఇప్పటికి పనికొచ్చింది," అని కిసుక్కున నవ్వింది.

ఆ నవ్వులో బస్సు వెళ్ళిపోయింది.

గడులన్నీ తారుమారు. హాసిని కళ్ళు నీళ్ళతో నిండాయి.

"దివ్యకి చెయ్యనా?" ప్రసాద్ ఫోన్ తీశాడు.

అప్పుడు కనిపించింది, బస్సు షెడ్డు గోడమీద నల్లబోర్డు. పసుపు రంగు గుండ్రటి అక్షరాలు. పాడేరు బస్సుల వేళలు. ఆదివారం రాని బస్సేదో కూడా ఉంది. అన్నిటికంటే అడుగున, చిన్నగా:

కంగారు పడొద్దు. ఇంకో బస్సుంది.

నిజంగానే ఉంది.

ఆ తర్వాత ఎక్కడ దిగినా అదే బోర్డు, అదే మాట. హాసిని ఫోన్‌లో గడులు చెరిపేసింది. కొండమలుపులో నచ్చిన చోట దిగిపోయారు. ఒకే శాలువాలో ఇద్దరూ ఇమిడి కూర్చున్నారు. కిటికీలోంచి మబ్బు లోపలికొచ్చి మొహాలు తడిపింది. ఉప్పూకారం జల్లిన జామకాయ కోసం ఒక బస్సుని చేజేతులా వదిలేశారు.

పాడేరులో టీకొట్టామెని అడిగింది.

"ఈ బోర్డులెవరు రాస్తారండీ?"

"ఎవులో పెయింటరంటమ్మా. పూర్వం బస్సుల మీద ఊర్ల పేర్లు రాసేవోడంట. ఇప్పుడన్నీ లైటు బోర్డులే గదా. నెలకోపాలొచ్చి, మారిన టైములు దిద్దుకుని పోతాడు. ఎవులూ రమ్మన్లేదు, ఎవులూ పొమ్మన్లేదు."

"మనిషంటే అలా ఉండాలి బావా," అంది హాసిని. "కాంప్లెక్స్‌లో కూర్చుని ఊసుపోక సలహాలు చెప్పడం కాదు. ఆయన కనిపిస్తే కాళ్ళకి దండం పెడతాను."

నాలుగో రోజు సాయంత్రం అనకాపల్లిలో దిగారు. దివ్యకి ఫోన్ వెళ్ళలేదు. పందెం హాసినిదే.

బెంచీ ఖాళీగా ఉంది. పక్కనే పల్లీలమ్మే బుల్లమ్మ బుట్ట సర్దుకుంటోంది.

"ఏం, సలహాలాయన లేడా?" హాసిని మూతి తిప్పింది.

"ఇంక రాడమ్మా. ఎవలో ఆడకూతురు ఏదో అందంట. ఆడోళ్ళు నన్ను సూసి జడుసుకుంటన్నారే బుల్లమ్మా, ఇంక ఈ పక్కకి రాను అనేసి ఎలిపోయేడు."

"ఎక్కడుంటాడో?" అన్నాడు ప్రసాద్.

"ఏ ఊరో నాకూ తెల్దు. పదేళ్ళ బట్టి సూత్తన్నాను, అడగనే లేదు."

"పోతే పోయాడులే బావా. నువ్వు హల్వా తిను," అని హాసిని పొట్లం విప్పింది.

అడుగున చీటీ అతుక్కుని ఉంది. నెయ్యి ఇంకి గాజుముక్కలా అయింది గాని, పెన్సిల్ గీత చెక్కు చెదరలేదు.

మాడుగుల, పాడేరు, అరకు బస్సుల వేళలు వరసగా, వాటి కింద, నాలుగు రోజులుగా ప్రతి షెడ్డు గోడమీదా చూసిన ఆ గుండ్రటి అక్షరాలే: కంగారు పడొద్దు. ఇంకో బస్సుంది.