పెద్దవాగు దాటే జీపు

చర్లకు సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. వార్తలన్నీ జీపు స్టాండులోనే పుట్టేవి. ఆ వానాకాలం పుట్టిన వార్త ఒక్కటే. షాలేమ్‌రాజు జీపు పెద్దవాగు బురదలో దిగబడదట.

ఆ మాట విన్నప్పుడల్లా సుకుమార్‌కు కడుపు మంట. మజ్జిగ తాగినా చల్లారేది కాదు. పోయిన వానాకాలం అదే వాగులో అతని జీపు పొద్దంతా కూరుకుపోయింది. ముందు సీట్లో అతని భార్య జోజమ్మే ఉంది. ఆమె సర్కారు దవాఖానాలో నర్సు. వాగవతలి గూడేల పిల్లలకు టీకాలు వేయాలని బయల్దేరి, డబ్బాలో మంచు కరిగి మందు పాడైతే ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఆ తర్వాత దవాఖానా కిరాయి షాలేమ్‌రాజుకు పోయింది. కిరాయితో పాటు జోజమ్మా పోయింది.

కిరాయి పోతే పోయింది. పెళ్లాం పొద్దున్నే ఇంకొకడి జీపెక్కి, సాయంత్రం నవ్వుకుంటూ దిగితే ఏ మొగుడికి మింగుడు పడుతుంది? బోనకల్‌లో ట్రాక్టరున్న రైతింట్లో పుట్టిన పిల్లకు పాత జీపు డ్రైవరు మొగుడేమిటని అత్తవారి వైపు వాళ్లు గొణుక్కోవడం అతను పెళ్లిలోనే విన్నాడు. అది వేరే పుండు.

టీ కొట్టు గోపాలు ఆ పుండు మీద కారం చల్లాడు. జోజమ్మ సిస్టరుకు ఆ జీపులో ఎప్పుడూ ముందు సీటేనని చెప్పాడు. గూడేల నుంచి వచ్చే జనాన్ని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు తప్ప నోరు విప్పలేదు.

మనుషుల సంగతి తర్వాత, ముందు బండి సంగతి తేల్చాలనుకున్నాడు సుకుమార్. షాలేమ్‌రాజుదీ తనలాంటి జీపే. అదే కంపెనీ, అదే ముసలి ఇంజను. అయినా దిగబడటం లేదంటే వెనక రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్‌లో లాకర్ వేయించి ఉండాలి. లాకరుంటే ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతున్నా రెండోది పట్టు వదలదు. ఉండబట్టలేక సూటిగా అడిగేశాడు.

"నా బండికి లాకరూ లేదు, గీకరూ లేదన్నా. అంతా దేవుని దయ" అన్నాడు షాలేమ్‌రాజు, నవ్వు ఆపుకుంటూ.

దేవుడి పేరు చెప్పినా సుకుమార్ నమ్మలేదు. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే బయటికి జారుకుని ఆ జీపు కింద దూరాడు. డిఫరెన్షియల్ మూత బిగించి ఉంది. ఏమీ కనబడలేదు. తెల్లచొక్కాకు గ్రీజు మాత్రం అంటింది. ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చి కూర్చుంటే, ఆడవాళ్ల వైపు నుంచి జోజమ్మ ఆ చొక్కానే చూస్తోంది.

ఇంటికొచ్చాక ఆమె మెల్లగా అంది. "లాకర్ దేనికి? బురదల దిగకముందే గేరు మార్చుకోవాలె. దిగినంక రేసు పెంచొద్దు. గంతే."

సుకుమార్‌కు ఒళ్లు మండింది. ఇవి ఆమె మాటలా? వాడి మాటలు. వాడి పక్కన కూర్చుని నేర్చుకున్న మాటలు.

"నువ్వు ఇంజక్షన్ల పని చూడు. బండి పని నేను చూస్త" అన్నాడు.

చీటీ పాడి భద్రాచలంలో కిషన్‌లాల్ షెడ్డుకు వెళ్లాడు. కిషన్‌లాల్ మంచి మెకానిక్కే కానీ ఎవరికీ ఆశ పెట్టడు. గాలితో పనిచేసే ఫారిన్ లాకరు కొనే కంటే ఇంకో జీపు కొనుక్కోమన్నాడు. చవగ్గా కావాలంటే లోపలి పళ్లచక్రాలను వెల్డింగుతో అతికించేయొచ్చు. అడవిలో మాత్రమే తిరిగే బండికైతే అది చాలు. రోజూ తారురోడ్డు మీద ప్యాసింజర్లను తిప్పే బండికి అలా చేస్తే మలుపు మలుపుకూ టైర్లు అరుగుతాయి, యాక్సిల్ విరిగినా విరుగుతుంది. మధ్యరకం ఒకటుంది. ఆ పళ్లచక్రాలు తీసేసి వాటి చోటే కూర్చోబెట్టేది. తారు మీద మలుపుల్లో కటకటలాడుతుంది, బురదలో దానంతటదే పట్టుకుంటుంది.

"షాలేమ్‌రాజు ఏది ఏయించిండు?" అడిగాడు సుకుమార్.

"నా దగ్గరైతే ఏదీ ఏయించలే."

దొంగ, ఖమ్మం పోయి వేయించి ఉంటాడు అనుకుని, మధ్యరకం బిగించమన్నాడు.

టీకాల రోజొచ్చింది. స్టాండులో జోజమ్మ ఎప్పటిలాగే షాలేమ్‌రాజు పక్కన ఎక్కింది. ఈసారి సుకుమార్ పళ్లు కొరకలేదు. మధ్యాహ్నం దాటాక ఖాళీ జీపుతో వాగుకు వెళ్లి బురదలో దించాడు. ఇంజను అరిచింది, బండి ఊగింది, రెండు చక్రాలూ కలిసి పట్టుకున్నాయి. అవతలి గట్టెక్కి, మళ్లీ ఇవతలికొచ్చి నిలబడ్డాడు. జోజమ్మను ఇక్కడే దించి తన జీపులో తీసుకుపోవాలి. డాక్టరుతో చెప్పి కిరాయీ తెచ్చుకోవాలి.

వాన మొదలైంది. అవతలి గట్టున షాలేమ్‌రాజు జీపు కనబడింది. నిండా జనం. అద్దమంతా బురద. వాగు అంచున కాస్త ఆగి గేరు మార్చుకుంది. అరుపు లేదు, హడావిడి లేదు. సుకుమార్ చక్రాలు తవ్విన చోటు వదిలేసి, పక్కనున్న గులకరాళ్ల మీదుగా, నిండు చూలాలిని నడిపించినట్టు మెల్లగా వచ్చింది. ఎక్కడా చక్రం జారలేదు.

సుకుమార్ ఈర్ష్యతో నిలువునా కాలిపోయాడు. ఇది లాకర్ పని కాదు, చెయ్యి పని. ఆ చేతికి తన చెయ్యి ఏనాటికీ సాటి రాదు. ఇలాంటి డ్రైవరు బండి ఎక్కిన మనిషి తన బండి ఎందుకెక్కుతుంది? ఏడుపొచ్చినంత పనైంది.

జీపు గట్టెక్కి అతని ఎదురుగా ఆగింది.

టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని షాలేమ్‌రాజు ఎడమ పక్క సీట్లోనే కూర్చుని ఉండగా, స్టీరింగు ముందు నుంచి జోజమ్మ దిగింది.