గోడలోకి వెళ్ళిన తీగ

"మీ హాల్లో ఏ లోపమూ లేదు సార్," అన్నాడు స్టూలు మీద నిలబడ్డ ఎలక్ట్రీషియన్.

"లోపం లేకపోతే పిచ్చి పట్టిందా దానికి?" కస్సుమన్నాడు ఇంటాయన. "ఇల్లు కొంటామని మొదటి పార్టీ వచ్చినప్పుడు లైటు ఆరిపోయింది. రెండో పార్టీ వచ్చినప్పుడు ఫ్యాను ఆగి, టీవీ మూగబోయింది. వాళ్ళలా గేటు దాటారో లేదో అన్నీ బుద్ధిగా పనిచేశాయి! ఈ ఇంట్లో ఏదో ఉందని వీధంతా పాకింది. ఇంకో అరగంటలో మూడో పార్టీ వస్తోంది. వీళ్ళూ జారుకుంటే ఇక ఈ ఇంటి గడప తొక్కేవాడుండడు."

"ముందు మీరు మంచినీళ్ళు తాగండి," అంది భార్య.

ఎలక్ట్రీషియన్ స్టూలు దిగి స్విచ్‌బోర్డు మూత విప్పాడు. లోపలికి టార్చి వేసి చూసి, ఈల వేశాడు.

"పాతకాలపు పనితనం సార్ ఇది. మెట్ల దగ్గర ఒకే లైటుకి కిందొకటి, పైనొకటి స్విచ్చులు పెడతారు చూడండి, అలాగ. ఇక్కడ వేస్తే అక్కడ ఆర్పొచ్చు. లైటుకీ, ఫ్యానుకీ, టీవీకీ మూడింటికీ అంతే. రెండో స్విచ్చులకి వెళ్ళే తీగలు ఇదిగో, ఈ గోడలోకి పోయాయి. అటువైపు ఏముంది?"

ఇంటాయన మొహం కందగడ్డయింది. అటువైపు ఉన్నది అన్నయ్య. తోడికోడళ్ళిద్దరికీ క్షణం పడటం లేదని, నాన్న కట్టిన ఇంటిని అన్నదమ్ములు నిలువునా రెండు చేసుకుని, మధ్యలో ఆ గోడ లేపి తొమ్మిదేళ్ళయింది. ఆ రోజు నుంచీ మాటల్లేవు.

"అదా సంగతి! వెళ్ళిపోతానన్నా సుఖంగా వెళ్ళనివ్వడన్నమాట!"

"తీగలు కోసెయ్యమంటారా?"

"వద్దు!" అంది భార్య గబుక్కున. "అంటే... పాతవి కదా, కదిలిస్తే ఏమవుతుందో ఏమో. ఏవండీ, ఎక్కడికి? ఆయనతో గొడవెందుకండీ?"

అప్పటికే ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు. "అన్నదమ్ముల తగువు కరెంటు కన్నా ప్రమాదం," అని గొణుక్కుంటూ ఎలక్ట్రీషియన్ సంచీ సర్దుకున్నాడు.

తలుపు అన్నయ్యే తీశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఏరా?" అన్నాడు, నిన్న సాయంత్రమే విడిపోయినట్టు.

"నా హాల్లో లైటుతో ఆటలాడుతోంది నువ్వేనా?"

"నీ లైటు దాకా ఎందుకురా, నా లైట్లే నా చేతిలో లేవు. పేపరు చదువుతుంటే మీ వదిన వచ్చి ఆర్పేసి పోతుంది."

"బుకాయించకు. గోడలోంచి తీగలు ఇటే వచ్చాయి. రెండో స్విచ్చు నీ దగ్గరే ఉంది."

అన్నయ్య కనుబొమలు ముడిచాడు. అంతలోనే మొహమంతా విచ్చుకుంది. "నాన్న స్విచ్చులు! ఒరేయ్, అవింకా బతికున్నాయా?"

తమ్ముడికీ అప్పుడు గుర్తొచ్చింది. సరిగ్గా తొమ్మిదయ్యేసరికి నాన్న తన గదిలో మంచం దిగకుండానే హాల్లో లైటు ఆర్పేసేవాడు. తిట్టేవాడు కాదు, పిలిచేవాడు కాదు. ఆడుతున్నవాళ్ళు ఆడుతున్నట్టే చీకట్లో ఉండిపోయేవారు.

"దెయ్యం ఆర్పిందని చెప్పావు నాకు," అన్నాడు తమ్ముడు.

"నువ్వు నమ్మావు."

"నాలుగేళ్ళు నమ్మాను."

"నమ్మి నిక్కరు తడుపుకున్నావు. అమ్మకి తెలియకుండా ఉతికిందెవరు?"

"ఉతికావులే! నెల్లాళ్ళు నాచేత కాళ్ళు పట్టించుకున్నావు."

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఒక్కసారే ఆపేశారు.

"అమ్మేస్తున్నావటగా," అన్నాడు అన్నయ్య నేల చూస్తూ. "వీధిలోవాళ్ళు చెప్తే తెలిసింది."

తమ్ముడు చెప్పులు విడిచాడు. "నాన్న గది చూపించు ముందు."

"ఇప్పుడది మీ వదిన వంటగది. నాకే అందులోకి ప్రవేశం లేదు. డాబా మీద బట్టలు తీస్తోంది, దిగేలోగా చూసొద్దాం, పద."

యాభై దాటిన ఇద్దరు మగవాళ్ళు దొంగల్లా మునివేళ్ళ మీద లోపలికెళ్ళారు. నాన్న మంచం ఉండే మూల ఇప్పుడు డబ్బాల వరస. తమ్ముడు ఒక పెద్ద డబ్బా పక్కకి జరిపాడు. వెనక గుండ్రటి నల్ల స్విచ్చులు మూడు. చుట్టూ గోడంతా జిడ్డూ మసీ. స్విచ్చులు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

అన్నయ్య గొంతు తగ్గిపోయింది. "మీ వదిన పనేరా ఇది. మీ ఆవిడ మీద కసి ఇంకా చల్లారలేదు. పేరెత్తితే చాలు, మూతి తిప్పుకుంటుంది."

"మా ఆవిడేం తక్కువ కాదు. ఈ ఇంటి వైపు కిటికీ కూడా తెరవనివ్వదు." తమ్ముడు నాన్న స్విచ్చుల మీద చెయ్యి వేశాడు. "రోజూ ఆ గోడ చూస్తూ బతకలేకే అమ్మేస్తున్నానన్నయ్యా."

అన్నయ్య ఏదో అనబోయాడు. గట్టు మీద వదిన ఫోను కుయ్యిమంది.

"చెల్లి... అట," తెర మీద పేరు చదివాడు అన్నయ్య. "మీ వదినకి చెల్లెళ్ళెవరూ లేరే!"

తమ్ముడు తొంగి చూశాడు. పేరు పక్కన చిన్న ఫొటోలో నవ్వుతున్నది తన భార్య. కింద నాలుగు ముక్కలు:

"అక్కా, ఇల్లు చూసేవాళ్ళు ముందే వచ్చేశారు. మా ఆయన మీ హాల్లోనే ఉన్నారుగా, వంటగదిలోకి మాత్రం రానివ్వకు. ఈసారి లైటూ ఫ్యానూ రెండూ ఆపెయ్. వీళ్ళు కూడా పోతే ఇక అమ్మడం మానేస్తారు."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అన్నయ్య లైటు ఆర్పాడు. తమ్ముడు ఫ్యాను ఆపాడు.