పాల క్యానుతో నాలుగు రౌండ్లు

కోచ్ అక్కకు,

నా రాత కోడి గీతల్లా ఉంటుంది, తప్పులుంటే మన్నించండి. నా చదువు అయిదో తరగతితో ఆగింది.

ఇకమీదట నేను ఒక్కదాన్నే ఫుట్‌బాల్‌కు రాలేను. అత్తయ్యకు తెలిసిపోయింది.

ఇంట్లో పాలకని చెప్పి వస్తున్నాను కదా. "లీటరు పాలకు గంటన్నరా? గేదెను కూడా నువ్వే మేపుతున్నావా?" అని అత్తయ్య రోజూ అడిగేవారు. నిన్న నేను మరిచిపోయిన పాల క్యాను తీసుకుని నా వెనకే గ్రౌండుకు వచ్చారు, నన్ను జడ పట్టుకుని ఈడ్చుకుపోవడానికి. మీరేమో కొత్తగా చేరడానికి వచ్చారనుకున్నారు.

"ఆలస్యమమ్మా! నాలుగు రౌండ్లు!" అన్నారు.

దేశం తరఫున పదకొండేళ్లు ఆడిన గొంతు మరి. అత్తయ్య కొంగు దోపుకుని, క్యానుతోనే నాలుగు రౌండ్లూ పరుగెత్తారు. నేను గోల్ స్తంభం వెనక దాక్కున్నాను. అది ఎంత సన్నమో అప్పుడే తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో మీ గురించి ఒక్క మాటే అడిగారు.

"అన్నేళ్లు ఆడింది కదా, ఆవిడ ఆట చూడ్డానికి ఇంట్లోవాళ్లు వెళ్లేవాళ్లా?"

"ఒక్కసారీ వెళ్లలేదట అత్తయ్యా."

ఆలస్యం ఎందుకైందని ఇంట్లో మా ఆయన అడిగారు. "పాలవాడి గేదె తన్నిందిరా" అన్నారు అత్తయ్య.

ఆదివారం మ్యాచ్‌కు తనూ వస్తారట. చూస్తూ కూర్చోవడం తనవల్ల కాదట, ఆడతారట.

ఈ కార్డు మీది అక్షరాల చుట్టూ ఉన్న గీత నా చెయ్యి జారి పడింది కాదు. అది అత్తయ్య పాదం, బూట్ల కొలతకు. మడమ కార్డులో పట్టలేదు, నాలుగు వేళ్ల వెడల్పు కలుపుకోండి.

కొలత తీసుకున్నాక కార్డు కాల్చేయండి. మా ఆయన ఇంకా గేదెనే తిడుతున్నారు.