చివరి తేనెపెట్టె

చుట్టుపక్కల చేలన్నీ ఒకే పంటకూ, ఒకే పురుగుమందుకూ మారిన ఏడాది ఆమె పెంచుకున్న తేనెటీగలు సగం పోయాయి. ఆ చేలల్లో అపార్టుమెంట్లు లేచాక మిగిలినవీ కనబడకుండా పోయాయి. ఖాళీ పెట్టెల్ని మాత్రం ఎవరెంత చెప్పినా ఆమె పెరట్లోంచి కదలనివ్వలేదు. చివరికి కొడుకు పోరు పడలేక, పాత సామాన్లు కొనేవాడికి వాటిని ఇచ్చేయడానికి ఒప్పుకుంది.

ఇక తెల్లారితే వాడు వస్తాడనగా, నిద్ర పట్టక పెరట్లోకి వెళ్లి చివరి పెట్టె మీద చెయ్యి వేసింది. వెచ్చగా తగిలింది. చెవి ఆనిస్తే లోపల సన్నగా రొద.

వెళ్లి కోడల్ని లేపింది.

"అవి ఖాళీ పెట్టెలు అత్తయ్యా, పడుకోండి," అంటూనే వచ్చి కోడలు కూడా చెవి ఆనించింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఉన్నాయి," అంది గొంతు తగ్గించి.

అత్తగారు మూత తీసింది. రొద ఠక్కున ఆగింది. టార్చి వెలుగులో ఎండిన మైనం, సాలెగూళ్లు తప్ప ఒక్క ఈగ లేదు. మూత పెట్టగానే మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకాస్త గట్టిగా.

"ఇంకోసారి తీసి చూద్దామా?"

"వద్దమ్మా," అంది ఆమె, పెట్టెను రెండు చేతులా పొదువుకుని. "పొద్దున్నే అవి పూలెక్కడని అడిగితే ఏం చెప్తాం?"

ఆ మాటకు లోపల రొద ఆగిపోయింది.