అతకని పోగు

“యాడ దాచినావే నల్లమందు? ఒళ్లంతా పీకుతాండాది,” అన్నాడు చౌడప్ప, మగ్గం గుంతలోంచే.

“ఇయ్యను మామా. నువ్వు మానేదాకా అది నా రొంటినే ఉంటాది,” అంది లింగక్క, కొత్త పడుగు పోగుల్ని పాతవాటికి అతుకుతూ.

ధర్మవరంలో అప్పట్లో నల్లమందు అంగట్లోనే అమ్మేవాళ్లు. లింగక్క మేనమామ చౌడప్పే కావాలని పట్టుబట్టి పెళ్లి చేసుకుంది. నేను పక్కింటిదాన్ని, పోగులు అందిస్తూ అక్కడే కూర్చున్నాను.

ఆమె పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టింది. జారిపోయింది. మళ్లీ మెలిపెట్టింది. మళ్లీ జారింది. కళ్లు మూసుకుని కూడా అతకగలిగే మనిషి!

చౌడప్ప ఆ చేతినే చూస్తున్నాడు.

“ఏమే, నా మాదిరే వణుకుతాండాదే నీ చెయ్యి. ఎప్పట్నుంచి?”

ఆమె తల ఎత్తలేదు. “నాకంటే ఎక్కువగా దాంట్లో నీకేముండాదో చూద్దామని ఒకతూరి నోట్లో యేసుకుంటి మామా. ఇంక మానలేకపోతి.”

అతను తిట్టలేదు. గుంతలోంచి లేచి వచ్చి, అలసటగా ఆమె పక్కన చతికిలబడ్డాడు.

“రేపట్నుంచి ఇద్దరం మానేద్దాం.”

“ఊఁ. మరి ఈపొద్దుకు?” అంటూ ఆమె రొంటిన ఉన్న నల్లమందు ఉండ తీసిచ్చింది.

అతను దాన్ని గోటితో చీల్చాడు. పెద్ద ముక్క ఆమె చేతిలో పెట్టాడు.